ఇంటింటి హాజరుపట్టీ

గురువారం నాడు మన ఊళ్ళలో చాలామంది సాయిబాబా గుడికి వెళతారు. మా యూసుఫ్‌గూడలోనూ వెళతారు. అయితే మా పేటలో గురువారానికి ఇంకొక విశేషం కూడా ఉంది. ఆ రోజున టీవీ కార్యక్రమాల రేటింగులు బయటికి వస్తాయి. గుడిలో కొబ్బరికాయ కొట్టేవాళ్ళలో కొందరు మొక్కుకొనేది ఆ అంకె గురించేనంటే మీరు నవ్వుతారు. కాని ఇందులో నవ్వవలసింది పెద్దగా లేదు.

హైదరాబాదు తెలియని పాఠకులకు ఒక మాట. యూసుఫ్‌గూడ జూబ్లీహిల్సు గుట్టకు దిగువన ఉంటుంది. పైన తారల మేడలు, స్టూడియోలు. కింద కృష్ణానగర్, ఇందిరానగర్ సందుల్లో, ఆ స్టూడియోల్లో చెమటోడ్చేవాళ్ళ అద్దె వాటాలు. లైట్లు మోసేవారు, మేకప్పు వేసేవారు, బట్టలు ఇస్త్రీ చేసి అందించేవారు, డబ్బింగులో గొంతు అరువిచ్చేవారు, గుంపులో నిలబడేవారు అందరూ ఇక్కడే ఉంటారు. సినిమా పని ఉన్న రోజు సినిమాకు పోతారు, లేని రోజు సీరియలుకు పోతారు. సినిమా ఎప్పుడో వచ్చే పండుగ లాంటిది. సీరియలు రోజూ తినే అన్నం.

మా పక్క వాటాలో ఒకాయన సీరియళ్ళలో లైటింగు పని చేస్తాడు. మొన్న ఒక సాయంకాలం మెట్ల దగ్గర కలిసి, "మాస్టారూ, మా బండి ఆగిపోతుందండి. రేటింగు పడిపోయిందట. పదిహేను రోజుల్లో కథ చుట్టెయ్యమన్నారు" అన్నాడు. కథ అంటే ఒక అత్త, ఒక కోడలు, ఒక తప్పిపోయిన పిల్ల. చుట్టెయ్యడం ఎంతసేపు? అత్తకు జ్ఞానోదయమవుతుంది, పిల్ల దొరుకుతుంది, అందరూ కలిసి ఫోటో దిగుతారు. కాని ఆ కథ వెనకాల ముప్ఫై నలభై ఇళ్ళ సంపాదన ఉంది. ఆ ఇళ్ళలో ఎవరికీ జ్ఞానోదయంతో అద్దె తీరదు.

అందుకని ఈ అంకె సంగతేమిటో కాస్త చూద్దాం. దీన్ని ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు, అది మనకు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి? మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ రాత్రి భోజనాల వేళ ఏ కథ నడవాలో నిర్ణయిస్తున్నది అదే కాబట్టి తెలుసుకోవడంలో తప్పు లేదు.

తెలుగువాళ్ళు టీవీ చూడడం మొదలైన రోజుల్లో ఇటువంటి పోటీ లేదు. 1975 ఆగస్టులో అమెరికావారి ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకొని, మన ఇస్రోవారు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒకటే పెట్టె. సాయంత్రమయ్యేసరికి జనం చేరి సేద్యం గురించి, ఆరోగ్యం గురించి చెప్పిన మాటలు వినేవారు. ఆ ఏడాదంతా పరిశోధకులు పల్లెల్లో తిరిగి ప్రశ్నలు అడిగారు. కొన్ని ఊళ్ళలో వారు నెలల తరబడి కాపురమే ఉన్నారు. వారు అడిగింది "పెట్టె తిప్పారా?" అని మాత్రమే కాదు. "ఏం అర్థమైంది? ఏం నేర్చుకొన్నారు? దానివల్ల మీ పనిలో ఏమైనా మారిందా?" అని కూడా అడిగారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉంది.

1977లో హైదరాబాదుకు సొంత దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982లో రంగులు వచ్చాయి, ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకే కార్యక్రమం వచ్చింది. 1987 జనవరిలో రామానంద్ సాగర్ రామాయణం మొదలైనాక ఆదివారం పొద్దున్నే వీధులు ఖాళీ. భాష రానివాళ్ళు కూడా పెట్టె ముందు చేతులు జోడించి కూర్చొన్నారు. ఊళ్ళో ఒకటే కొట్టు ఉంటే కొట్టువాడికి గిరాకీ లెక్క అంతగా అక్కరలేదు. ఉప్పు కావాలన్నా పప్పు కావాలన్నా మనం అక్కడికే పోవాలి. దూరదర్శన్‌వారి స్థితి అది. మంచి సరుకూ ఇచ్చారు, పుచ్చు సరుకూ ఇచ్చారు. రెండింటినీ ఒకే రకంగా కొన్నాం.

1991లో గల్ఫు యుద్ధం నాటికి పెద్ద పట్టణాల మేడల మీద గొడుగులాంటి యాంటెన్నాలు లేచాయి. 1992లో హిందీ జీ టీవీ, 1993లో తమిళ సన్ టీవీ వచ్చాయి. 1995లో ఒకే ఏడాది తెలుగుకు రెండు కొట్లు తెరిచారు. మొదట జెమినీ, తరువాత ఆగస్టులో రామోజీరావు గారి ఈటీవీ. ఆ రోజు నుంచి అసలు పోటీ మొదలైంది.

పోటీవల్ల మేలు జరగలేదంటే అన్యాయం. 1996లో బాలసుబ్రహ్మణ్యం గారు ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టి, 2020లో కన్నుమూసేదాకా ఎన్ని ఊళ్ళ పిల్లలచేత పాడించారో లెక్కలేదు. పిల్ల ఒక అక్షరం తప్పు పలికితే ఆయన ఆపి, నవ్వుతూ సరిచేసేవారు. తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఆయన మీద చిన్న అసూయ కూడా ఉండేది. మా తరగతిలో అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఎక్కడ? దూరదర్శన్‌లో ఋతురాగాలు తీసిన మంజులానాయుడు గారు తరువాత జెమినీలో చక్రవాకం, మొగలిరేకులు తీశారు. ఆ వేళకు మధ్యతరగతి ఇళ్ళలో స్టౌ మీది పాలు పొంగిపోయినా ఎవరూ లేచేవారు కారు. సినిమాలు, సీరియళ్ళు కలిసి చాలాకాలం జెమినీదే పైచేయి.

ఇంతలో మా టీవీ, 2005లో జీ తెలుగు బరిలో దిగాయి. మా టీవీని 2015లో స్టారువారు కొన్నారు. అక్కడినుంచి బలాబలాలు తారుమారయ్యాయి. 2017 జులైలో బిగ్‌బాస్ తెలుగు, అదే ఏడాది అక్టోబరులో కార్తీకదీపం మొదలయ్యాయి. ఇటీవలి సంవత్సరాలలో ఎక్కువ వారాలు మొదటి స్థానం స్టార్ మాదే. ఇక యాజమాన్యాల సంగతి చూడండి. జెమినీ చెన్నై సన్‌వారిది, జీ ముంబయి సంస్థ. స్టార్ మా 2024 నవంబరులో రిలయన్సు, డిస్నీల కలయికతో ఏర్పడిన జియోస్టార్‌లోకి వెళ్ళింది. నాలుగింటిలో పెత్తనం తెలుగువారి చేతిలో ఉన్నది ఈటీవీ ఒక్కటే. పందెం మన ముంగిట్లోనే జరుగుతున్నా, పందెగాళ్ళు చాలావరకు పొరుగూళ్ళవారు. వాళ్ళకు మన ఇల్లు ఎలా కనిపిస్తుంది? అంకెలోనే కనిపిస్తుంది.

ఇక ఆ అంకె సంగతి. 2015 ఏప్రిల్ నుంచి మన దేశంలో దీన్ని వేస్తున్నది బార్క్ అనే సంస్థ. ఛానెళ్ళవారు, ప్రకటనలిచ్చేవారు, ప్రకటనలు తయారుచేసేవారు కలిసి పెట్టుకొన్న సంస్థ అది. అంతకు ముందు ఆ పని టామ్ అనే సంస్థ చేసేది. 2012లో ఎన్‌డీటీవీవారు ఆ అంకెలు నమ్మదగినవి కావంటూ న్యూయార్కు కోర్టుదాకా వెళ్ళారు. వ్యాపారంలో తూకంరాయి మీద అనుమానం వచ్చాక ఎవరికీ నిద్రపట్టదు. అందుకే కొత్త తక్కెడ తెచ్చుకొన్నారు.

బార్క్ పద్ధతి ఇది. ప్రతి ఛానెలూ తన శబ్దంలో మన చెవికి వినబడని ఒక గుర్తు కలిపి పంపుతుంది. ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళలో టీవీ దగ్గర చిన్న మీటరు పెడతారు. అది ఆ గుర్తును పట్టుకొని, ఏ నిమిషంలో ఏ ఛానెలు నడిచిందో రాసుకొంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క బొత్తాము ఉంటుంది. తాతగారు కూర్చొంటే తాతగారి బొత్తాము నొక్కాలి, లేచి వెళితే మళ్ళీ నొక్కాలి. ఆ ఇళ్ళు ఎవరివో రహస్యం. ఒక కార్యక్రమాన్ని ఎందరు చూశారన్నదే కాక ఎంతసేపు చూశారన్నది కూడా కలిపి రేటింగు కడతారు. రేటింగు 5 అంటే, సగటున ఏ నిమిషం తీసుకొన్నా నూటికి అయిదుగురు దాని ముందు ఉన్నారని అర్థం.

2020 నాటి లెక్క ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 21 కోట్లు. అప్పుడు మీటర్లు ఉన్నవి 44 వేల ఇళ్ళు. అంటే అప్పట్లో ఇంచుమించు 4,800 ఇళ్ళ తరఫున ఒక ఇల్లు సాక్ష్యం చెప్పేదన్నమాట. "మా ఇంటికెవరూ రాలేదే, మమ్మల్నెవరూ అడగలేదే" అని మా అమ్మ తరచు అంటూ ఉంటుంది. మీరూ అని ఉంటారు. కాని అందులో దోషం లేదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా తినిచూడనక్కరలేదు, ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. అయితే ఆ మెతుకు ఎక్కడినుంచి తీశారన్నది ముఖ్యం. అడుగు మాడిందో లేదో పై మెతుకు చెప్పదు. టామ్ లెక్క ప్రధానంగా పట్టణాలమీదే నడిచింది. 2015 అక్టోబరులో బార్క్ పల్లెటూళ్ళను కూడా కలిపి అంకెలు ఇచ్చేసరికి హిందీ ఛానెళ్ళ వరుస మారిపోయింది. జనం అభిరుచి ఒక్క రాత్రిలో మారలేదు. గరిటె కాస్త లోతుకు దిగింది, అంతే.

ఇంకొకటి. లెక్క కోసం 2,000 మందిని చూశామనుకుందాం. వారిలో వందమంది ఒక సీరియలు చూస్తే రేటింగు 5. అయితే గణితం తెలిసినవాళ్ళను అడగండి. మొత్తం జనంలో అసలు సంఖ్య 4 నుంచి 6 దాకా ఎక్కడైనా ఉండవచ్చునంటారు. అటువంటప్పుడు ఒక వారం 5.1 వచ్చి, మరుసటి వారం 4.8 వస్తే ఏం జరిగినట్టు? బహుశా ఏమీ జరగలేదు. కాని ఆ మూడు పదోవంతులకే ఒకరి వేళ మారుతుంది, ఒకరి కథ మలుపు తిరుగుతుంది, చనిపోయిన పాత్ర బతికివస్తుంది. ప్రకటనల ధర ఆ అంకెను బట్టే కదా! అంకె కాస్త వణికితే యూసుఫ్‌గూడ సందుల్లో పొయ్యిలు కూడా వణుకుతాయి.

ఇంత విలువ ఉన్నచోట దొంగచూపు పడక మానదు. 2020 అక్టోబరులో, మీటర్లు ఉన్న కొన్ని ఇళ్ళవారికి డబ్బిచ్చి ఫలానా ఛానెలు తిప్పి ఉంచమన్నారని ముంబయి పోలీసులు కేసు పెట్టారు. బార్క్‌వారు వార్తా ఛానెళ్ళ రేటింగులు పన్నెండు వారాలు ఆపుతున్నామన్నారు. తీరా అవి మళ్ళీ వచ్చింది 2022 మార్చిలో. కేసును 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం ఉపసంహరించుకొంది. ఎవరు దోషులో తేల్చడం మన పని కాదు. నాకు విచిత్రంగా తోచింది వేరొకటి. అభియోగం ప్రకారం ఇంటివాళ్ళు ఆ ఛానెలు చూడనక్కరలేదు, తిప్పి ఉంచితే చాలు. మీటరుకు రెండూ ఒకటే.

ఇక్కడే నా వృత్తి నాకు సాయపడింది. కళాశాలలో మా చేతిలో రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి హాజరుపట్టీ, రెండవది మార్కుల పట్టీ. హాజరుపట్టీలో కళ్ళప్పగించి వినే పిల్లా హాజరే, చివరి బెంచీలో కునుకు తీసే పిల్లవాడూ హాజరే. స్నేహితుడిచేత "ఎస్సార్" అనిపించుకొని కాంటీనులో టీ తాగే మహానుభావుడూ హాజరే. అది అబద్ధాల పుస్తకం కాదు. "తరగతిలో ఎవరున్నారు?" అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు. పిల్లలకు ఏం వచ్చిందని దాన్ని అడగకూడదు. రేటింగు కూడా ఇంటింటి హాజరుపట్టీ. ఇవాళ టీవీ లోకమంతా దాన్ని మార్కుల పట్టీగా చదువుకొంటోంది. చిక్కంతా అక్కడే ఉంది.

కార్తీకదీపం తీసుకోండి. అది మలయాళ సీరియలు కథ ఆధారంగా వచ్చింది. ఒంటిరంగు తక్కువని చిన్నచూపు చూడబడిన ఒక స్త్రీ, భర్త అనుమానించి వదిలేస్తే, వంటలు చేసుకొని బిడ్డను పెంచుకొంటుంది. వంటలక్కను జనం నెత్తిన పెట్టుకొన్నారు. మా అమ్మ అయితే ఆవిడను ఇంటి ఆడపడుచు కిందే జమకట్టింది. అది ప్రేమే, అనుమానం లేదు. కాని ఆ ప్రేమను అంకెగా మార్చాక ఏమైంది? డాక్టరుబాబు అనుమానం తీరడానికి సంవత్సరాలు పట్టింది. ఆ రోజుల్లో ఒకనాడు వంటింట్లోంచి వచ్చి, "అమ్మా, ఇవాళ ఏం జరిగింది?" అని అడిగాను. "ఇవాళ ఏం జరుగుతుందిరా? జరిగేది రేపు" అంది. అయినా మరునాడు వేళకు కూర్చొంది. హాజరుపట్టీలో ఆమె ప్రతిరోజూ ఉంది. మార్కుల పట్టీ ఉంటే ఏం వేసి ఉండేదో ఆమెనెవరూ అడగలేదు.

భాష సంగతీ ఇంతే. హిందీలో 2008లో మొదలైన బాలికా వధు, మా టీవీలో చిన్నారి పెళ్ళికూతురై తెలుగు ఇళ్ళకు వచ్చింది. డబ్బింగు చవక, అంకె లావు. ఛానెళ్ళు ఇంకెన్నో తెచ్చాయి. మాకు పని పోతున్నదని మా పేట కళాకారులూ సాంకేతికులూ వీధికెక్కారు. వారి కష్టం అలా ఉంచి, డబ్బింగు మాటను చూడండి. పరభాషలో కదిలిన పెదవికి తెలుగు మాట అతకాలి. క్రియ చివర ఉండవలసినచోట నోరు మూతపడిపోతుంది. అందుకని మాటను మెలితిప్పుతారు. అలాంటి తెలుగు పదేళ్ళు విన్న పిల్లలు నా దగ్గరికి వ్యాసాలు రాసుకొని వస్తారు. వాక్యం చూడగానే అది ఏ వేళ ప్రసారమైందో చెప్పగలను. ఈ నష్టం ఏ మీటరులోనూ ఎక్కదు. ఎక్కించే బొత్తాము లేదు.

అంకెను తీసిపారెయ్యమని నేను అనను. అంకె లేని రోజుల్లో ఢిల్లీలో ఒక అధికారికి నచ్చింది మనం చూశాం. అంకె వచ్చాక పల్లెటూరి ముసలమ్మ బొత్తాముకూ జూబ్లీహిల్సు మేడలోని దొరసాని బొత్తాముకూ వేరుభేదం తగ్గింది. అది చిన్న సంగతి కాదు. నేను అడిగేదల్లా ఆ 1975 నాటి రెండో ప్రశ్న. ఏటీఎస్-6 తిరిగి వెళ్ళిపోయి సుమారు యాభై ఏళ్ళయింది. అప్పుడు పల్లెజనాన్ని "ఏం మిగిలింది?" అని అడగగలిగిన దేశం, ఇప్పుడు ఇంత యంత్రం చేతిలో పెట్టుకొని "ఎవరున్నారు?" అన్నదానితో ఆగిపోవడమెందుకు? ఏడాదికొకసారి కొన్ని ఇళ్ళకు వెళ్ళి, పోయిన ఏడు చూసినవాటిలో మీకు గుర్తున్నదేమిటి, మీ పిల్లలకు చూపించాలనిపించినదేమిటి అని అడిగితే, ఆ జవాబులు గురువారం అంకెల పక్కన అచ్చువేస్తే, సీరియలు తీసేవారికి కూడా ఊపిరి సలుపుతుంది. ఒక వారం అంకె తగ్గినా, ఈ కథ జనం మనసులో ఉందని చెప్పుకొనే ఆధారం వారికి దొరుకుతుంది.

అది ఎప్పుడు జరుగుతుందో గాని, మన చేతిలో ఉన్న పనులు రెండున్నాయి. ఎవరూ చూడని టీవీని కట్టేయడం మొదటిది. చాలా ఇళ్ళలో అది దేవుడి గదిలో అఖండదీపంలా పొద్దస్తమానం వెలుగుతూ ఉంటుంది. ఏది నడుస్తున్నదో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీటరు ఉన్న ఇల్లు మీదే అయితే, ఆ నిద్రమత్తు వేల ఇళ్ళ అభిప్రాయమై కూర్చొంటుంది. రెండవది, చూసిన తరువాత దాని గురించి ఇంట్లో మాట్లాడుకోవడం. బాగుంటే ఎందుకు బాగుందో పిల్లలచేత చెప్పించండి. బాగాలేకపోతే పెద్దవాళ్ళు కూడా ఆ మాట పైకి అనవచ్చు. నాలుగు రోజులు అలా అనుకొన్న ఇంట్లో అయిదో రోజు రిమోటు దానంతట అదే చేయి మారుతుంది.

ఛానెళ్ళవారు మనల్ని లెక్కపెట్టుకొంటున్నారు, పెట్టుకోనివ్వండి. అన్నం ముందు కూర్చొన్నప్పుడు వారు వడ్డించినదంతా రుచి చూడకుండా మింగెయ్యకపోవడం మాత్రం మన పనే.